పేరు గొప్ప పెట్టె మనకు వలదు



మన పెద్దల పాటలను ధ్వనిముద్రణము చేసి భద్రపరుపవలయునని సంఘమున అందరును ఒప్పుకొనిన మాటయే. ఆ విషయమున భేదాభిప్రాయము లేదు. భేదమంతయు ఆ పనికై కొనవలసిన యంత్రమును గూర్చియే. చేతిలోని ఫోను చాలునని కొందరందురు. బెంగుళూరు స్టూడియోకు పోవుదమని మరికొందరందురు. కొన్నచో పదునెనిమిది చానెళ్ల పెట్టెనే కొనవలయును, తక్కువది కొనుట సంఘమునకు గౌరవము కాదు అనువారు ఇంకొందరు. వీరి కంఠమే సభలలో హెచ్చుగా వినబడుచున్నది.

ఈ మూడు వాదములును మన పనికి సరిపడవని నా నిశ్చితాభిప్రాయము. నాలుగు మైకులు పట్టునట్టియు, లాప్‌టాప్ ఇచ్చు విద్యుత్తుతోనే నడచునట్టియు, చేతిసంచిలో ఇముడునట్టియు చిన్న పెట్టె యొక్కటి మనకు చాలును. పైకము చందాదారులది. కావున నా కారణములను సభాభవనపు మూలలలో గుసగుసలాడక, పదుగురు చదువునట్లు ఇచ్చట వ్రాయుచున్నాను.

ఎందుకీ తొందర?

మన తాతముత్తాతలలో పెక్కురు చిత్తూరు, ఉత్తర ఆర్కాటు సీమలనుండి ఈ గనులకు వచ్చినవారు. 1880లో జాన్ టేలరు కంపెనీ వారు ఇచ్చట పని మొదలిడినది మొదలు 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడు వరకు, ఇతర భాషల సోదరులతో భుజము కలిపి మనవారు ఈ భూగర్భమున శ్రమించిరి. చాంపియన్ రీఫ్ గని లోతు పదివేల అడుగులకు మించినది. అంత లోతునకు దిగి మరల వెలుతురు చూచినవాడు సాయంకాలము ఇంటి అరుగుపై కూర్చుండి తాళములు పట్టెను. పండరి భజన, చెక్క భజన, కోలాటపు పాట, పెండ్లిలో అప్పగింతల పాట, మంగళహారతి, బిడ్డను నిద్రపుచ్చు జోలపాట, ఇవన్నియు అతనితోను అతని ఇల్లాలితోను పుట్టినూరినుండి వచ్చిన సొత్తు. కైవారము తాతయ్యగారి తెలుగు కీర్తనలు ఈ సీమయందే పుట్టి, భజన గోష్ఠులలో నోటినుండి నోటికి వచ్చినవి.

గనులు మూతపడిననాడే పెద్దలనిపించుకొనిన భజన గురువులలో నేడు మిగిలినవారు కొలదిమందియే. వారి మనుమలు తెల్లవారకముందే రైలెక్కి బెంగుళూరు పోయి చీకటి పడిన పిదప ఇల్లు చేరుచున్నారు. తాత పాడు వేళకు మనుమడు రైలులో నుండును. మనుమడు వచ్చు వేళకు తాత నిదురపోవును. ఇది ఎవరి దోషమును కాదు. కాని పాట యొక్క గొలుసు ఇచ్చటనే తెగుచున్నది.

పాటలను పుస్తకముగా అచ్చొత్తించినచో చాలదా యని అడుగువారు గలరు. అన్నమాచార్యులవారి సంకీర్తనలకు జరిగినదేమో చూడుడు. ఆ మహానుభావుని పదములను రాగిరేకులపై చెక్కించి తిరుమల కొండపై భద్రపరచిరి. ప్రతి పదమునకును రాగము పేరును చెక్కించిరి. అంతకన్న జాగ్రత్త ఎవరు పడగలరు? అయినను ఆ రేకులు ఇరువదవ శతాబ్దమున మరల వెలుగు చూచునప్పటికి మాట మిగిలినది, రాగము పేరు మిగిలినది, ఆయన పాడిన వరుస మాత్రము మిగులలేదు. మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి విద్వాంసులు పూనుకొని ఆ పదములలో పెక్కింటికి క్రొత్తగా స్వరరచన చేయవలసి వచ్చినది. రాగిరేకునకే నిలువని వరుస మన అచ్చు కాగితమునకు నిలుచునా? మన అవ్వల పాటలకు స్వరము కూర్చుటకు మరియొక రాళ్లపల్లివారు వచ్చునని కూర్చుందమా?

పెట్టె యనగా నేమి?

ఆడియో ఇంటర్‌ఫేస్ అని ఆంగ్లమున పిలుచు ఈ పెట్టె మైకునకును లాప్‌టాప్‌నకును నడుమ నుండునది. మైకునుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి బలహీనము. పెట్టెలోని ప్రీయాంప్ దానిని బలపరచును. అటుపిమ్మట దానిని అంకెలుగా మార్చి యు.ఎస్.బి. తీగ ద్వారా లాప్‌టాప్‌నకు పంపును. చానెళ్లు నాలుగైనచో నాలుగు మైకుల ధ్వని నాలుగు వేర్వేరు వరుసలుగా పడును. గాయకుని గొంతు ఒక వరుస, హార్మోనియము ఒక వరుస, మృదంగము ఒక వరుస, వంతపాట ఒక వరుస. తరువాత తీరికగా కూర్చుండి గాయకుని గొంతును పెంచవచ్చును, మృదంగమును తగ్గింపవచ్చును. అన్నియు ఒకే వరుసలో కలిసి పడినచో పాలు నీళ్లు కలిసినట్లే. వాటిని మరల విడదీయు క్రొత్త సాధనములు వచ్చినవన్న మాట నిజమే గాని, అవి గొంతునకు కొంత హాని చేయక మానవు. మొదటనే వేరుగా పట్టుటకు సాటి వచ్చునది లేదు.

ఫోను వాదము

ఫోనును నేను నిందింపను. ఒక అవ్వ వంటింటిలో కూర్చుండి అకస్మాత్తుగా జోలపాట ఎత్తుకొనినచో, పెట్టె తెచ్చెదమని పరుగెత్తక వెంటనే ఫోనులో పట్టుటయే వివేకము. కాని సంఘమంతయు కూడి భావితరములకు అప్పగించు భాండారమునకు ఫోనే ఆధారమనుట వేరు మాట.

ఫోను మాటలాడుటకు పుట్టిన యంత్రము. దానిలో రెండు గుణములు గలవు. చప్పుడు పెరిగినచో తానే తగ్గించును, తగ్గినచో తానే పెంచును. మరియు ఎడతెగక సాగు ధ్వనిని రొదయని తలచి అణచివేయ జూచును. భజనలో శ్రుతిపెట్టె ధ్వని ఎడతెగనిదే గదా! పాటకు ప్రాణమైన శ్రుతిని ఈ యంత్రము ఫ్యాను చప్పుడని భ్రమించును. తాళము మ్రోగినప్పుడెల్ల గాయకుని గొంతు క్రుంగును, తాళము ఆగినప్పుడు పైకి లేచును. ఈ గుణములను కొంతవరకు ఆపివేయు ఏర్పాట్లు కొన్ని ఫోనులలో నున్నవి. అయినను చిన్న మైకు ఒక్కచోటనే యుండును. పదిమంది గోష్ఠిలో దానికి దగ్గరనున్న తాళమే గెలుచును, దూరముననున్న గురువు ఓడును. కాపాడదలచినది గురువు మాటను గదా!

స్టూడియో వాదము

స్టూడియోలో ధ్వని నిర్మలముగా వచ్చునన్నది నిజము. కాని పాడవలసిన వారెవరు? గని ధూళిని ఏండ్ల తరబడి పీల్చి, నాలుగు మెట్లెక్కినంతనే ఆయాసపడు వృద్ధులు. వారిని సుమారు నూరు కిలోమీటర్లు తీసుకొనిపోయి, చల్లని మూసిన గదిలో గాజుటద్దము వెనుక నిలిపి, గడియారము చూచుకొనుచు పాడుమనుట న్యాయమా? స్టూడియోకు గంటల లెక్కన పైకము. మన పెద్దలకు పాట గుర్తునకు వచ్చుటకే గంట పట్టును. ఒకరు చరణము మరచినచో ప్రక్కనున్నవారు అందింతురు. ఆ ప్రక్కనున్నవారు అరుగుమీద నుందురు గాని స్టూడియోలో నుండరు.

కావున యంత్రమే పాటయొద్దకు పోవలయును. ఈ ఒక్క మాట ఒప్పుకొనినచో తక్కిన నిర్ణయములన్నియు దానంతట అవే తేలును.

పెద్ద పెట్టె వాదము

ఇక అసలు వివాదమునకు వత్తును. ఇచ్చట మనవారిని మోసగించుచున్నది దుకాణదారు కాదు, పెట్టెపై అచ్చువేసిన అంకె. ఆ అంకెను చదువు విధము తెలియనిచో పేరు గొప్ప ఊరు దిబ్బ యన్న సామెత నిజమగును. దిబ్బలను గూర్చి మనకు ఎవరును చెప్పనక్కరలేదు!

ఫోకస్‌రైట్ కంపెనీ వారి స్కార్లెట్ 18ఐ20 అను పెట్టెను చూడుడు. పదునెనిమిది ఇన్‌పుట్‌లని పేరు. మైకులు నేరుగా పట్టు ప్రీయాంప్‌లు ఎనిమిది. తక్కిన పది ఇన్‌పుట్‌లు డిజిటల్ తీగలకు చెందినవి. వాటిలో ఎనిమిదింటిని వాడవలయునన్నచో మరియొక ప్రీయాంపుల పెట్టె కొని దానికి తగిలింపవలయును. అదే కంపెనీ వారి 4ఐ4 అను చిన్న పెట్టెకు నాలుగు ఇన్‌పుట్‌లు గలవు గాని, మైకు ప్రీయాంప్‌లు రెండే. మిగిలిన రెండును కీబోర్డు వంటి వాద్యముల తీగలకు పనికివచ్చునవి. ఇందులో కంపెనీవారి తప్పేమియు లేదు. వివరములన్నియు వారి పత్రములలో స్పష్టముగా నున్నవి. రెండును వాటి వాటి పనికి మంచి పెట్టెలే. కాని పేరులోని అంకెను చూచి మైకుల లెక్కయని తలచి కొనువాడు, తూకము రాయిని చూడక సంచి పొడవు చూచి బియ్యము కొనువానివంటివాడు.

రెండవది విద్యుత్తు. ఎనిమిది మైకుల పెట్టె గోడ ప్లగ్గునుండి వేరుగా విద్యుత్తు కోరును. అంబలి త్రాగువానికి మీసములెత్తువాడొకడన్నట్లు, పెట్టెకొక తీగ, లాప్‌టాప్‌నకొక తీగ, రెండింటికిని ఒక పొడవైన బోర్డు. 1902లోనే శివసముద్రమునుండి విద్యుత్తు తెచ్చుకొనిన ఊరు మనది. అయినను పాట నడుమ కరెంటు పోదని ఎవరు హామీ ఇత్తురు? పోకున్నను మరియొక బాధ గలదు. గోడనుండి వచ్చు విద్యుత్తు సెకనుకు 50 సైకిళ్లది. రెండు మూడు యంత్రములు వేర్వేరు ప్లగ్గులకు తగిలియున్నప్పుడు ఆ సైకిళ్ల మ్రోత సన్నని జుమ్మను ధ్వనిగా ముద్రణలో చేరును. లాప్‌టాప్‌ను చార్జరునుండి తప్పించి బ్యాటరీపై నడిపి, పెట్టెను కూడ ఆ లాప్‌టాప్ నుండియే నడిపినచో ఈ పీడ చాలవరకు వదలును.

మూడవది, పెండ్లిండ్లకును వేదికలకును అద్దెకిచ్చి పెట్టుబడి రాబట్టవచ్చునను ఆశ. వర్తకుడనగుటచే ఈ మాటకు నా సమాధానము సూటిగా చెప్పెదను. అద్దె వ్యాపారమునకు యంత్రము ఒక్కటే పెట్టుబడి కాదు. దానితోపాటు తెలిసిన మనిషి, బండి, మరమ్మతు, విరిగినచో పూచీ వహించు కాగితము కావలయును. పెండ్లి ముహూర్తమున్న దినముననే మన అవ్వలు అప్పగింతల పాట పాడుదురు. ఆ దినమున పెట్టె అద్దెకు పోయియుండును. దేనికై కొంటిమో దానికే అక్కరకు రాని వస్తువును లాభమని ఏ ఖాతాలో వ్రాయుదుము?

కొనవలసిన దేది?

నా లెక్కకు నాలుగు గుణములు చూడవలయును.

మొదటిది, నాలుగు మైకు ప్రీయాంప్‌లు. ఇన్‌పుట్‌లు కాదు, ప్రీయాంప్‌లు. నాలుగింటికిని 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఉండవలయును. కండెన్సర్ మైకులకు అది లేనిదే ప్రాణము రాదు.

రెండవది, యు.ఎస్.బి. తీగ ద్వారానే విద్యుత్తు తీసుకొనుట. ఇచ్చట లాప్‌టాప్ వైపును చూడవలయును. పాత యు.ఎస్.బి. 2.0 రంధ్రము ప్రమాణము ప్రకారము ఇచ్చునది 500 మిల్లీయాంపియర్లు, 3.0 రంధ్రము ఇచ్చునది 900. నాలుగు మైకులకు ఫాంటమ్ పవర్ ఇచ్చు పెట్టెకు రెండవదే క్షేమము.

మూడవది, ప్రత్యేకమైన డ్రైవర్ లేకున్నను సాధారణ యు.ఎస్.బి. ఆడియో ప్రమాణముతో పనిచేయుట. దీనినే క్లాస్ కంప్లయంట్ అందురు. కంపెనీ డ్రైవర్‌పైననే ఆధారపడిన పెట్టె, కంపెనీ ఆ డ్రైవర్‌ను మానివేసిననాడు మూలబడును. సంఘపు వస్తువు పదేండ్లు నిలువవలయును గదా!

నాలుగవది, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల ముద్రణ. దుకాణములలో 192 కిలోహెర్ట్జ్ అని గొప్పగా చెప్పుదురు. మనుష్యుని చెవికి వినబడునది సుమారు 20,000 సైకిళ్ల వరకే. 48 కిలోహెర్ట్జ్ 24,000 సైకిళ్ల వరకు పట్టగలదు. 24 బిట్లు మాత్రము విడువరాదు. గొంతు హఠాత్తుగా పెరిగినచో చిట్లకుండ, గరిష్ఠమునకు 12 డెసిబెళ్లు తక్కువగా నుంచి పట్టినను రొద పైకి రాదు.

ఉదాహరణకు ఆడియెంట్ కంపెనీ వారి ఇవో 8 ఈ గుణములు గలది. నాలుగు ప్రీయాంప్‌లు, యు.ఎస్.బి. విద్యుత్తు, అరచేతికన్న కొంచెము పెద్దది. పిట్ట కొంచెము, కూత ఘనము. బెహ్రింగర్ వారి యు.ఎం.సి. 404 హెచ్.డి.కి కూడ ప్రీయాంప్‌లు నాలుగే గాని, దానికి వేరుగా అడాప్టరు కావలయును. ఒకే మందిరములో స్థిరముగా ఉంచువారికి అది పనికివచ్చును. లాప్‌టాప్ తీసుకొనిపోవుటయే కష్టమైనచోట, 2013లో వచ్చిన జూమ్ హెచ్6 వంటి చేతి రికార్డరు మరియొక మార్గము. నాలుగు మైకు రంధ్రములు, సాధారణ పెన్సిలు సెల్లులతో నడక, కావలసినప్పుడు లాప్‌టాప్‌నకు పెట్టెగా కూడ పనిచేయుట దాని సుగుణములు. నేను ఏ కంపెనీకిని ఏజెంటును కాను. ఈ వస్తువులు నా అంగడిలో అమ్మబడవు. ఇంతకన్న మంచిది, చౌకది ఎవరైన చూపినచో సంతోషముతో అంగీకరింతును, కాని ఆ నాలుగు గుణములు చూపవలయును.

కాటా పెట్టక సరుకు కొనరాదు. మన లాప్‌టాప్‌ను, నాలుగు మైకులను దుకాణమునకు తీసుకొనిపోయి, చార్జరు తీసివేసి, నాలుగు మైకులకు ఫాంటమ్ పవర్ ఇచ్చి అరగంట ముద్రింపవలయును. నాలుగు వేర్వేరు వరుసలుగా పడుచున్నవా, నడుమ ఎచ్చటనైన చిటుక్కుమని తెగినదా అని చెవికి హెడ్‌ఫోన్లు పెట్టుకొని వినవలయును. ఈ పరీక్షకు ఒప్పుకొనని చోట కొనవలదు.

నలుబదిమంది గోష్ఠికి నాలుగు మైకులు చాలునా యని అడుగుదురు. చాలును. నలుబదిమందికి నలుబది మైకులు ఎవరును పెట్టరు. వంతపాట సమూహధ్వని. దానిని ఎదురుగా నిలిపిన ఒక్క మైకు పట్టగలదు. విడిగా పట్టవలసినది గురువు గొంతును, శ్రుతిని, మృదంగమును మాత్రమే. తాళములను మైకులకు దూరముగా కూర్చుండబెట్టుట మరువరాదు.

మిగిలిన పైకము

పెద్ద పెట్టె మానుకొనుటచే మిగులు పైకమును మూడింటికి వినియోగింపవలయును. మొదటిది మైకులు, స్టాండ్లు, తీగలు, గాలి తగులకుండ స్పంజి తొడుగులు. సయనైడ్ దిబ్బలమీదినుండి గాలి లేచినప్పుడు తొడుగు లేని మైకు వినిపించునది గాలినే. పెరటిలోను వీధి అరుగుమీదను షూర్ ఎస్.ఎం. 58 వంటి డైనమిక్ మైకులే మేలు. నోటికి దగ్గరగా ఉంచినచో దూరపు రొదను అంతగా పట్టవు, ఫాంటమ్ పవర్ అడుగవు, దెబ్బకు ఓర్చుకొనును.

రెండవది నిలువజేయు డిస్కులు. నాలుగు చానెళ్లు 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లతో ముద్రించినచో గంటకు సుమారు 2 గిగాబైట్లు. నూరు గంటల పాటకు 207 గిగాబైట్లు. 192 కిలోహెర్ట్జ్ అయినచో దీనికి నాలుగింతలు. ఒక టెరాబైట్ డిస్కులు మూడు కొని మూడు ప్రతులు చేసి, వాటిలో ఒకటి ఈ ఊరి వెలుపల నుంచవలయును. ఒకే డిస్కులో నున్నది ఉన్నట్లు కాదు.

మూడవది ఒక చిట్టా పుస్తకము. పాడినవారి పేరు, వయసు, పూర్వుల ఊరు, పాట ఎవరివద్ద నేర్చిరి, ఏ సందర్భమున పాడుదురు, ముద్రించిన తేదీ. పాడినవారి అనుమతి వ్రాతపూర్వకముగా తీసుకొని, ఎవరెవరు వినవచ్చునో వారి మాట ప్రకారమే నడువవలయును. పేరు లేని పాట చిరునామా లేని ఉత్తరము.

తుదిమాట

తమ భాషను, సంస్కృతిని కాపాడుకొను హక్కు మనకు రాజ్యాంగపు 29వ అధికరణము ఇచ్చినది. హక్కు కాగితముమీద నున్నది. పాట పెద్దల గొంతులో నున్నది. కాగితము నిలుచును, గొంతు నిలువదు.

1965లో మన చాంపియన్ రీఫ్ గనిలోనే, హీత్‌కోట్ షాఫ్టున సుమారు 7,600 అడుగుల లోతున, భారత, జపాను, ఇంగ్లండు దేశముల శాస్త్రజ్ఞులు యంత్రములమర్చి వాతావరణమున పుట్టు న్యూట్రినో కణముల జాడను పట్టిరి. కంటికి కనబడనిది, చెవికి వినబడనిది, భూమిని దూసికొనిపోవునట్టి కణము! దాని జాడకై వారు అంత లోతునకు దిగిరి. తమ పనికి ఏ యంత్రము తగునో దానినే అమర్చిరి గాని, చూచువారు మెచ్చుటకై అమర్చలేదు. మనము పట్టవలసిన ధ్వని పాతాళమున లేదు. ప్రక్కవీథి అరుగుమీదనే యున్నది.

రాబోవు సభలో చేయి ఎత్తునప్పుడు ప్రతి సభ్యుడును ఒక్క ప్రశ్న వేసికొనవలయును: ఈ పెట్టెను సంచిలో వేసికొని, కరెంటు ఉన్నను లేకున్నను, ఈ సాయంకాలమే ఒక ముసలమ్మగారి ఇంటికి పోగలమా? పోగలమన్నచో కొనుడు. పోలేమన్నచో దానికి ఎన్ని చానెళ్లున్నను అది మనకు వలదు.

ఇట్లు,
మీ సోదర సభ్యుడు, ఒక వర్తకుడు
చాంపియన్ రీఫ్స్